ఇంటి మురుగుకూ దినచర్య అవసరం

శరీరంలో ధాతువులను, మలాలను కొనిపోయే మార్గాలను ఆయుర్వేదం స్రోతస్సులని పేర్కొన్నది. చరకసంహిత విమానస్థానంలో వీటి కొరకు ఒక ప్రత్యేకాధ్యాయమే ఉన్నది. మార్గాలు నిర్మలంగా ఉన్నంతకాలం ఆరోగ్యం, వాటికి అవరోధం కలిగితే వ్యాధి అన్నది అందలి సారాంశం. శరీరానికి చెప్పిన ఈ మాట గృహానికి కూడ వర్తిస్తుంది. ఇంటిలోనికి వచ్చే నీటిని కాచి, వడగట్టి త్రాగుతున్నాము. ఇంటి నుండి వెడలే నీటిని మాత్రం పట్టించుకోము. తూము పూడి, వంటింట్లో నీరు నిలిచి, దుర్వాసన వ్యాపించిన నాడే అది గుర్తుకు వస్తుంది. వెంటనే యాసిడ్ సీసా కొరకు దుకాణానికి పరుగెత్తుతాము. పథ్యం పాటించక, రోగం ముదిరిన పిమ్మట తీవ్రమైన విరేచనం పుచ్చుకోవడం వంటిదే ఇది.

పూర్వం మన ఇండ్లలో తూములు ఇంతగా పూడేవి కావు. అది అప్పటి గొట్టాల గొప్పతనం కాదు. తూములోనికి వెళ్ళే పదార్థాలే తక్కువ. బియ్యం కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలో చేరేవి. అంట్లను పెరట్లో బూడిదతో, కొబ్బరిపీచుతో తోమేవారు. జాలారు నీరు అరటిపాదులకు పారేది. నేడు పట్టణ గృహాలలో పశువూ లేదు, పెరడూ లేదు. గంజి, మెతుకులు, టీ పొడి, మూకుడులో మిగిలిన నూనె, తలంటునాటి కుంకుడు పిప్పి అన్నీ సన్నని గొట్టాలలోనికే పోతున్నాయి. నూనె, నెయ్యి, వనస్పతి చల్లారి గోడలకు పేరుకుంటాయి. బోరునీటిలోని సున్నపు లవణాలు సబ్బుతో కలసి తెట్టు కడతాయి. వెంట్రుకలు ఆ తెట్టును పట్టి ఉంచుతాయి. పూడిక ఒక్కనాటిది కాదు. దానిని ఒక్క సీసాతో వదిలించగలమనుకోవడమే భ్రమ.

యాసిడ్ జిడ్డును కరిగించదు. అది సిమెంటును, లోహపు గొట్టాలను మాత్రం తినివేస్తుంది. దాని ఆవిరి ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదకరం. బ్లీచింగ్ పౌడరు చల్లినచోట యాసిడ్ పోస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. కాస్టిక్ సోడా నీటితో కలిసినప్పుడు తీవ్రంగా వేడెక్కి, చిందితే కంటికే ముప్పు. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇండ్లలో ఈ పదార్థాలు అధికమైతే మలినాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవులు నశిస్తాయి. ఇక వంటసోడా మీద నిమ్మరసమో వెనిగారో పోసే చిట్కా సంగతి. పైకి లేచే నురుగు కంటికి ఇంపుగా ఉంటుంది. కాని ఆ రెండూ ఒకదానికొకటి విరుగుడై, చివరకు మిగిలేది లవణం కలిసిన నీరే. గృహవైద్యాన్ని అభిమానించేవారమైనంత మాత్రాన దీనిని దివ్యౌషధమని చెప్పలేము.

వ్యాధి కారణాన్ని తొలగించడమే చికిత్సలో ప్రథమ సోపానం. దీనినే నిదాన పరివర్జనం అన్నారు. తూముకు కూడ అదే చికిత్స.

ప్రతిదినం: సింకు రంధ్రానికి సన్నని జాలి అమర్చి, అందులో చేరినదానిని చెత్తబుట్టలో వేయాలి. జిడ్డు పాత్రలను పాత కాగితంతో తుడిచిన తరువాతనే కడగాలి. వార్చిన గంజిని సలసల కాగుతుండగా తూములో పోయరాదు. ప్లాస్టిక్ గొట్టాలు ఆ వేడికి మెత్తబడతాయి. చల్లారిన గంజిని నీరు కలిపి మొక్కలకు పోయడం మేలు.

వారానికొకసారి: వేడినీటిలో సబ్బు కలిపి తూములో పోయాలి. నీరు బాగా వేడిగా ఉండాలే గాని మరుగుతూ ఉండరాదు. ఇంటి వెలుపలి కాలువలో నిలిచిన నీటిని ఊడ్చివేయాలి. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలోనే గ్రుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో ఆ గ్రుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. కనుక వారం నియమం చాదస్తం కాదు. వాడని స్నానాలగది తూములో కూడ చెంబెడు నీరు పోయాలి. గొట్టం వంపులో నిలిచే ఆ కొద్దిపాటి నీరే దుర్వాసనను, బొద్దింకలను అడ్డుకొనే తలుపు. అది ఆవిరైతే తలుపు తెరిచినట్లే.

నెలకొకసారి: సింకు క్రింద బకెట్టు ఉంచి, వంపు గొట్టం మరను విప్పి, కడిగి, తిరిగి బిగించాలి. దీనికి పట్టేది పావుగంట. ఈ పని గృహిణి ఒక్కరిదే కాదు, ఇంటిల్లిపాదిదీ.

ఋతుచర్యగా: మృగశిర కార్తె ప్రవేశించకముందే వెలుపలి కాలువ పూడిక తీయించాలి. వాననీటి గొట్టాన్ని మురుగు గొట్టంలో కలుపరాదు. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేండ్లకొకసారి యంత్రంతో ఖాళీ చేయించాలి.

“పూడితే మనిషిని పిలుస్తాము, ఇంత శ్రమ ఎందుకు?” అని కొందరు అడుగవచ్చు. ఆ పిలిచే మనిషి కొరకే ఈ శ్రమ. అపార్టుమెంటులో పై అంతస్తువారు పోసిన నూనె క్రింది అంతస్తువారి ఇంట్లో పొంగుతుంది. చివరకు వీధి మురుగు గొయ్యిలో గడ్డకడుతుంది. అందులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మోతాదు హెచ్చితే ఘ్రాణశక్తినే హరిస్తుంది. అందువలన దిగినవానికి ప్రమాదం వాసన రూపంలోనైనా తెలియదు. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను మురుగు గోతులలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి దింపడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఈ నిషేధం నగరపాలక సంస్థలకే కాదు, గృహ యజమానికి కూడ వర్తిస్తుంది. ఇట్లు మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగినంత మాత్రాన పోయిన ప్రాణం తిరిగి రాదు.

శౌచమనగా మన గడప లోపలి శుభ్రత మాత్రమే కాదు. మన ఇంటి నుండి వెడలిన నీరు పొరుగువారికి బాధ, పారిశుధ్య కార్మికునికి ప్రాణగండం కాకుండా చూడడం కూడ శౌచమే. యాసిడ్ సీసా స్థానంలో ఒక జాలి, కొన్ని పాత కాగితాలు, వారానికొక బకెట్టు వేడినీరు ఉంచుకొనడం సర్వవిధాల శ్రేయస్కరం.