డాలర్లు దొరలకు, అప్పులు హారీలకు

1947 అక్టోబరులో జిన్నా దూతగా వాషింగ్టన్ వెళ్లి సుమారు 200 కోట్ల డాలర్లు అడిగింది హైదరాబాదు పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ. ఆ ఏడాది చివరికే ఆయన నిజాం ప్రధాని అయ్యారు. అమెరికా మాత్రం కోటి డాలర్లతో సరిపెట్టింది.

1954లో సైనిక సహాయ ఒప్పందం కుదిరింది. అమెరికాకు సోవియట్‌ను నిలువరించే స్థావరం కావాలి, పాక్ పాలకులకు భారత్ మీద ఎక్కుపెట్టే ఆయుధాలు కావాలి. అందుకే 1965 యుద్ధంలో అమెరికా ఇరుపక్షాలకూ ఆయుధాలు ఆపితే పాక్‌కే గట్టి దెబ్బ తగిలింది. అణు కార్యక్రమం కారణంగా 1990లో సాయం మళ్లీ ఆగింది. 2001 తర్వాత మళ్లీ మొదలైంది.

ఇన్ని తగాదాల్లోనూ భూస్వాములకు పెద్దగా నష్టం జరగలేదు. అమెరికా అండతో బలపడిన సైన్యానికి అధిపతి అయిన అయూబ్ ఖాన్ 1959లో తెచ్చిన భూసంస్కరణ, ఒక్కో యజమానికి 500 ఎకరాల మాగాణిని వదిలేసింది. ఆ పొలాల్లో అప్పుకు కట్టుబడ్డ కౌలు కూలీలే హారీలు. సింధ్‌లో వారిలో కోల్హీ, భీల్, మేఘ్వార్ దళితులు ఎందరో. వెట్టిని నిషేధించే చట్టం 1992లో గానీ రాలేదు. చిన్ననాడు వెట్టిలో మగ్గిన కృష్ణకుమారి కోల్హీ 2018లో సెనేటర్ అయ్యారు.

ఊళ్లో పార్టీలుగా కొట్టుకునే పెద్దలు భూమి దగ్గర ఒక్కటవడం మాచవరం నుంచి మాచర్ల దాకా మనమెరిగిందే. పాక్, అమెరికా మళ్లీ కలిశాయన్న వార్త వచ్చినప్పుడల్లా ఒక్క ప్రశ్న వేద్దాం: హారీకి సెంటు భూమైనా దక్కిందా?