ఇంటి వ్యాపారము – యంత్రపు గుమాస్తా



మా సీతాఫల్‌మండిలో ఇంటనుండియే ఊరగాయలు, పొడులు అమ్ము స్త్రీలు కలరు. వచ్చిన ఆర్డరును పట్టికలో వ్రాయుట, కొన్నవారికి కబురంపుట, కొరియరువారికి తెలుపుట, జమాఖర్చున నెక్కించుట – ఈ నాలుగు పనులను మన చేయి తగులకయే జరిపించు కంప్యూటరు సాధనములిపుడు కలవు. 2011లో అమెరికాలో బుట్టిన జేపియర్ ఒకటి. 2019లో బెర్లిన్ నగరమున వెలసిన ఎన్‌ఎయిట్‌ఎన్ మరియొకటి.

ప్రకటనలు రెండింటివియు నొకతీరుననే యుండును. చూడవలసినది వారు లెక్కకట్టు విధము. జేపియర్ చేసిన ప్రతి పనిని వేరుగా లెక్కించును: నెలకు 200 ఆర్డరులు వచ్చినచో 800 పనులు. ఎన్‌ఎయిట్‌ఎన్‌వారి సర్వరుపై నైనచో, ఒక ఆర్డరుకై మొదలు తుదివరకు నడచినదంతయు నొక్కటే. కావున 200 మాత్రమే. దానిని మన సొంత యంత్రముననే యుంచుకొన్నచో వారికీయవలసిన రుసుమే లేదు. కాని నడిరేయి నది నిలిచిపోయినపుడు లేచి చూచువారెవరు? ఆ విద్య నెరిగినవారు ఇంట లేనిచో, సొమ్ము హెచ్చైనను జేపియరే మేలని నా మతము. నెలకు ఇరువది ఆర్డరులు వచ్చువారికి రెండును నక్కరలేదు, నోటుపుస్తకము చాలును.

ఏది కొన్నను, మొదటి నెల పుస్తకమున గూడ వ్రాయుచు, ప్రతి సాయంకాలమును రెండు లెక్కలను సరిచూచుకొనుడు. పుస్తకమున నుండి పట్టికలో లేని ఆర్డరు కనబడినచో, ఆ రాత్రియే కొన్నవారికి ఫోను చేయుడు.