మరమ్మతు మన ఊళ్ళోనే జరగాలి

వంశధార ఎడమ కాలువ శివారు పొలాలకు నీరు వచ్చేదే తక్కువ రోజులు. ఆ రోజుల్లో ఇంజను మొరాయిస్తే మడి ఎండుతుంది. ఉభాల వేళ పవర్ టిల్లర్‌లో ఒక బోల్టు లోపలే తెగిపోతే కూలీలు గట్టు మీద కూర్చోవాలి, కూలి మాత్రం ఇవ్వాల్సిందే. తెగిన బోల్టు ఖరీదు ఎంతో కాదు. దాన్ని తీయించడానికి టెక్కలికో కాశీబుగ్గకో ఆటోలో మోసుకెళ్ళి, లేత్ షాపు దగ్గర వరసలో కూర్చుని, తిరిగొచ్చేసరికి ఒక దినం పోతుంది. జీడి పరిశ్రమల పని ముమ్మరంగా ఉన్న నెలల్లో రైతు పని మరుసటి రోజుకి పోతుంది. షాపువాళ్ళని అనుకోడానికి లేదు, ఏడాదంతా పని ఇచ్చేవాడి సామానే వాళ్ళు ముందు చూస్తారు.

అందుకని ఈ నెల పిక్కల ధర గురించి కాకుండా రెండు చిన్న యంత్రాల గురించి రాస్తున్నాం. ఒకటి బల్ల మీద బిగించుకునే డ్రిల్లింగ్ మిషను, రెండోది గాలి కొట్టే కంప్రెసర్. ఈ రెండూ, ఒక వెల్డింగ్ సెట్టు, ఒక గ్రైండరు ఊళ్ళో ఉంటే చిన్నాచితకా మరమ్మతుల్లో చాలా భాగం ఊరు దాటక్కర్లేదు. పని తెలిసిన చేతులకు మనకి కొదవ లేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో గల్ఫుకి వెళ్ళి వెల్డరుగానో ఫిట్టరుగానో పనిచేసి వచ్చినవాడు లేని ఊరు చూపించడం కష్టం. దుబాయిలో ఓడలకు అతుకులు వేసిన చెయ్యి ఇక్కడ పనిముట్టు లేక ఖాళీగా ఉంటోంది.

సరే, కొనే సంగతి. తక్కువ ధర యంత్రంలో మోసం ఎక్కువగా స్టిక్కరు మీద ఉంటుంది. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. మోటారుకి బిగించిన రేకు మీద ఆంపియర్లు ఎన్నో చూడండి. 230 వోల్టుల మీద 4 ఆంపియర్లు అని రేకు చెబుతుంటే ఆ మోటారు కరెంటు తీసుకునేదే 920 వాట్లు. బయట స్టిక్కరు మీద ‘2 హెచ్‌పీ’ అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా అది రెండు హెచ్‌పీ కాలేదు. రేకే లేని మోటారు ముట్టుకోవద్దు. లోపల చుట్టింది రాగి తీగా, అల్యూమినియమా అని అడగండి, బిల్లు మీద రాయమనండి. మన ఊళ్ళలో సాయంత్రం పూట వోల్టేజీ ఎంత పడిపోతుందో మనకి తెలుసు. తక్కువ వోల్టేజీలో అల్యూమినియం చుట్టు తొందరగా కాలుతుంది, తిరిగి చుట్టడానికి కూడా మెకానిక్కులు ఇష్టపడరు.

డ్రిల్లింగ్ మిషనుకి మన పనికి 13 మిల్లీమీటర్ల చక్కు, అర హార్స్ పవర్ మోటారు సరిపోతాయి. చూడాల్సింది వేగం. ఇనుములో 6 మిల్లీమీటర్ల బెజ్జం వెయ్యడానికి నిమిషానికి 1,300 చుట్ల దగ్గర తిరగాలి. 12 మిల్లీమీటర్లకు అందులో సగం, అంటే 650 చాలు. అంతకంటే జోరుగా తిప్పితే బిట్టు అంచు నీలంగా మారి మొద్దుబారిపోతుంది. కాబట్టి బెల్టు మార్చి వేగం తగ్గించుకునే మెట్ల పుల్లీలు ఉన్న మిషనే తీసుకోవాలి. అన్నిటికంటే తక్కువ వేగం ఎంతో అడగండి. చౌక మిషన్లలో కొన్నిటికి అది వెయ్యికి పైనే ఉంటుంది. అలాంటిది చెక్క పనికి వస్తుందేమో గానీ టిల్లరు పట్టీకి పనికిరాదు.

దుకాణానికి వెళ్ళేటప్పుడు 10 మిల్లీమీటర్ల మందం ఇనప పట్టీ ముక్క ఒకటి, వడ్రంగి మట్టం ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళండి. చక్కులో నిటారైన కొత్త బిట్టు బిగించి నెమ్మదిగా తిప్పమనండి. మొన చుట్టూ గీత గీసినట్టు ఊగుతుంటే అక్కడే వదిలెయ్యండి. పిడి తిప్పి స్పిండిలుని పూర్తిగా కిందికి దించి, చేత్తో పక్కకి ఊపి చూడండి, లోపల లొటలొటలాడకూడదు. బల్ల అంచుని బలంగా నొక్కండి, కిందికి వంగితే అది పోతపోసిన ఇనుము కాదు, రేకు. మట్టం పెట్టి బిట్టుకీ బల్లకీ మూల సరిగ్గా కుదిరిందో చూసి, చివరికి మీ పట్టీలో చిన్న బెజ్జం వేసి దాన్నే 12కి పెంచమనండి. మోటారు గొణిగి ఆగిపోతే దుకాణదారు మొహమాటపడాలి గానీ మీరు కాదు.

చేతి డ్రిల్లుకి స్టాండు కొనుక్కుంటే చవక కదా అని కొందరు అడుగుతున్నారు. పల్చటి రేకుకి పరవాలేదు. తెగిన బోల్టు మధ్యలో బెజ్జం వేసి బయటికి తియ్యాలంటే అది కదులుతుంది, బిట్టు విరిగి లోపల ఉండిపోతుంది, అప్పుడు ఖర్చు రెండింతలు. కొత్త రేకు మిషను కంటే మూతపడిన షెడ్డు నుంచి వచ్చిన పాత పోత ఇనుము మిషను నయం. బేరింగులూ బెల్టులూ కాశీబుగ్గలోనే మార్పించుకోవచ్చు. కల్టివేటరు స్ప్రింగు పట్టీల జోలికి మాత్రం వెళ్ళకండి. అది గట్టి పరచిన ఉక్కు, మామూలు బిట్టుకి లొంగదు. ఆ పని లేత్ షాపుదే.

పాత డ్రిల్లు కొనమన్నాం. పాత కంప్రెసరు ట్యాంకు మాత్రం కొనకండి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. గాలిని నొక్కినప్పుడు ఆ తేమ నీరై ట్యాంకు అడుగున నిలుస్తుంది, లోపలి నుంచి తుప్పు తింటుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అలాంటి ట్యాంకు 8 బార్ల ఒత్తిడి మీద పేలితే పక్కనున్న మనిషి మిగలడు. కొత్తదైనా సరే, రోజూ పని అయ్యాక అడుగున ఉన్న కుళాయి తిప్పి నీరు వదలాలి. సేఫ్టీ వాల్వు రింగు వారానికోసారి లాగి చూడాలి. అది కారుతోందని మేకు కొట్టి మూసేవాళ్ళని, ట్యాంకు చిల్లుకి వెల్డింగు పెట్టేవాళ్ళని సంఘం సభ్యులే ఆపాలి.

ఎంత కంప్రెసర్ కావాలి? 8 బార్లు అంటే సుమారు 116 పౌండ్లు. ట్రాక్టరు వెనక టైరుకి కావాల్సింది 15 పౌండ్లకు అటూ ఇటూ. ఫిల్టరు దుమ్ము దులపడానికి 30 పౌండ్లు మించకూడదు, అదీ లోపలి నుంచి బయటికి కొట్టాలి. రేడియేటరు ఊక, స్ప్రేయరు నాజిలు, పంక్చరు, ఇలాంటి వాటికి 24 లీటర్ల ట్యాంకు, ఒక హార్స్ పవర్ చాలు. ఆగకుండా రంగు కొట్టాలంటేనే 50 లీటర్లది. జీడి పొట్టు తీసే యంత్రాలకు వాడే పెద్ద కంప్రెసర్లు చవకగా వస్తున్నాయని ఎగబడొద్దు, అవి మూడు ఫేజుల మీద నడిచేవి. వ్యవసాయ కనెక్షను పంపుసెట్టు కోసమే ఇచ్చింది, దాని మీద షెడ్డు నడిపితే తర్వాత చిక్కులు మనకే.

కంప్రెసరు గాలి ఎంత ఇస్తుందో దుకాణంలోనే లెక్క తేల్చొచ్చు. ట్యాంకు ఖాళీ చేసి ఆన్ చేయించి, ఫోనులో టైము చూడండి. 24 లీటర్ల ట్యాంకు 8 బార్లకు చేరితే లోపలికి వెళ్ళింది 192 లీటర్ల గాలి. రెండు నిమిషాలు పడితే నిమిషానికి 96 లీటర్లు, అంటే మూడున్నర ఘనపుటడుగులకు కొంచెం తక్కువ. ప్రకటనలో ఆరు అని ఉంటే ఆ రెండంకెలూ ఎదురెదురుగా పెట్టి ధర తగ్గించమని అడగండి. నూనె పొయ్యక్కర్లేని రకం తేలిక గానీ చెవులు హోరెత్తిస్తుంది, లోపలి రింగు అరిగితే దొరకడం కష్టం. బెల్టుతో నిదానంగా తిరిగే, నూనె పోసే రకమే మనకి మంచిది, కొంచెం ధర ఎక్కువైనా.

కరెంటు తీగ విషయంలో పిసినారితనం వద్దు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, సరైన ఎర్తు ఉండాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటినప్పుడు కొబ్బరీ జీడీ నేలకూలడంతో పాటు స్తంభాలూ పడ్డాయి. ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో ఎవరూ మర్చిపోలేదు. ఒక హార్స్ పవర్ కంప్రెసరు మొదలవడానికే ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి రెండున్నర, మూడు కేవీఏ జనరేటరు లేకపోతే అలాంటి రోజుల్లో అది అలంకారమే. పాత చేతి తిప్పుడు డ్రిల్లు అటక మీద ఉంటే ఇనుప కొట్టుకి వెయ్యకండి.

డ్రిల్లు దగ్గర మెడలో తువ్వాలు, చేతికి గ్లౌజులు, వదులు చొక్కా ఉండకూడదు. పట్టీని చేత్తో పట్టుకోవడం కాదు, వైసులో బిగించాలి. గాలి పైపు మనిషి ఒంటి మీద పెట్టడం, పిల్లలు దానితో ఆడడం అసలే కుదరదు, పేగులు చీలి చచ్చిపోయినవాళ్ళు దేశంలో ఉన్నారు.

ఇక ప్రభుత్వం సంగతి. 2022లో మొదలైన యంత్ర సేవా పథకంలో రైతు గ్రూపులకు 40 శాతం రాయితీ, 50 శాతం బ్యాంకు అప్పుతో ట్రాక్టర్లూ కోత యంత్రాలూ ఇచ్చారు. ఆ యంత్రం ఆగితే బాగుచేసే పనిముట్టు మీద ఎవరికీ ఆలోచన లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద, సేద్యపు యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. డ్రిల్లింగ్ మిషను మీద, కంప్రెసరు మీద 18 శాతమే ఉంది. పరిశ్రమవాడు కట్టిన పన్ను తిరిగి సర్దుకుంటాడు, రైతుకి ఆ దారి లేదు. రైతు గ్రూపులు మరమ్మతు షెడ్డుకి కొనే పనిముట్లకు కూడా అదే రాయితీ, అదే 5 శాతం పన్ను వర్తింపజేయాలని మేము డిమాండ్ చేస్తున్నాం.

అంతవరకూ ఎదురు చూస్తూ కూర్చోలేం. కిడ్నీ జబ్బుల ఖర్చుతో ఉద్దానంలో ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయో చూస్తున్నాం, ఇంటికో మిషను కొనమని చెప్పే ధైర్యం మాకు లేదు. పది, పదిహేను మంది కలిసి ఒక సెట్టు కొనండి. పని తెలిసిన ఒక కుర్రాడికి తాళం ఇచ్చి, గంటకి ఇంత అని అతనికి కూలి, మిషనుకి ఇంత అని అరుగుదల సొమ్ము విడివిడిగా పుస్తకంలో రాయించండి. రెండూ కలిపేస్తే బెల్టు తెగిన రోజున తగువు వస్తుంది. వచ్చే మండల కమిటీ సమావేశాలకు మీ ఊరి షాపుల్లో అడిగిన రేట్లు, జీఎస్టీ కలిపి, మోటారు రేకు ఫొటోతో సహా తీసుకురండి. నాలుగైదు ఊళ్ళు ఒకేసారి కొంటే బేరం ఆడడానికి సంఘం తరఫున మేము వస్తాం.