చూసినోళ్లకు రక్షణ కావాలె!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ప్రజలారా!

2021 జనవరిలో జనగామలో పొద్దున నడకకు పోయిన మాజీ కౌన్సిలర్ పులి స్వామిని రోడ్డు మీదే నరికి చంపారు. 2022 ఏప్రిల్‌లో మహబూబాబాద్ కౌన్సిలర్ బానోతు రవిని పట్టణంలోనే, పట్టపగలు చంపారు. 2025 ఫిబ్రవరి 19 సాయంత్రం భూపాలపల్లిలో నాగవెల్లి రాజలింగమూర్తిని చంపారు. మేడిగడ్డ బ్యారేజీ మీద కోర్టుకెక్కిన మనిషి ఆయన. భూతగాదాయే కారణమని పోలీసులు అన్నారు. ఎవరు, ఎందుకు అన్నది కోర్టు తేల్చాలి, ఈ కరపత్రం కాదు. మేం అడిగేది వేరు. నలుగురు తిరిగే చోటే ఇట్లాంటివి జరుగుతుంటే, చూసినోళ్లు బోనెక్కి చెప్పేదాకా వాళ్లను కాపాడేదెవరు?

సాక్షి గతి ఏందో మనకు తెలవంది కాదు. పోలీసులు వాంగ్మూలం రాసుకుంటారు. నిందితులు బెయిల్ మీద ఊళ్లోకి వస్తారు. ఒకరోజు మనకు కావల్సినోడే ఇంటికొచ్చి చాయ్ తాగుతూ, "పిల్లలు గలోనివి, నీకెందుకే ఈ లొల్లి? గుర్తు లేదని చెప్పు, అయిపాయె" అంటాడు. కొట్టడు, తిట్టడు. వాయిదా నాడు కోర్టు వరండాలో నిందితుల పక్కనే నిలబడాలి, మళ్లీ వాళ్లెక్కిన బస్సులోనే ఊరికి రావాలి. మాట మారిస్తే 'హోస్టైల్' అని రాసుకుంటారు, కేసు వీగిపోతుంది, ఊరేమో అమ్ముడుపోయాడంటుంది. అమ్ముడుపోయేవాళ్లు లేరని మేం అనం. భయపడ్డోళ్లను కూడా ఆ లెక్కలో కట్టడం అన్యాయం.

ఆ భయం ఉత్తది కాదు. కారంచేడులో 1985 జూలై 17న దళితులను ఊచకోత కోశారు. కళ్లారా చూసిన దుడ్డు అలీసమ్మను ఆ తర్వాత చంపేశారు. ఆసారాం బాబా మీది అత్యాచార కేసుల్లో ముగ్గురు సాక్షులు హతమయ్యారు. ఆ కేసుల్లోనే సాక్షిగా ఉండి, తూటా తగిలి బతికిన మహేందర్ చావ్లా సుప్రీంకోర్టుకు పోతే, 2018 డిసెంబర్ 5న సాక్షుల రక్షణ పథకం వచ్చింది. పార్లమెంటు చట్టం చేసేదాకా ఇదే చట్టమని కోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 398వ సెక్షన్, ఇట్లాంటి పథకం తయారుచేసి నోటిఫై చేసే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం మీద పెట్టింది.

ఈ పథకం తలుపు ఇప్పుడు మన ఊళ్లోనే ఉంది. 2022 జూన్ 2 నుంచి మన మూడు చోట్లా జిల్లా కోర్టులున్నాయి, వరంగల్ పోవాల్సిన పని లేదు. జిల్లా జడ్జి అధ్యక్షుడిగా, జిల్లా పోలీసు అధికారి, ప్రాసిక్యూషన్ అధికారి సభ్యులుగా ఉండే కమిటీకి సాక్షి గానీ, ఇంటివాళ్లు గానీ, వకీలు గానీ దరఖాస్తు పెట్టొచ్చు. డీఎస్పీ లేదా ఏసీపీ అయిదు పని దినాల్లో ముప్పు మీద నివేదిక ఇవ్వాలి. అత్యవసరమైతే ఆలోపే రక్షణ ఇవ్వొచ్చు. ఇంటి చుట్టూ గస్తీ, కోర్టుకు పోలీసు తోడు, నిందితులకు ఎదురుపడకుండా వాంగ్మూలం, కొన్నాళ్లు వేరే చోట బస, ఇవన్నీ అందులో ఉన్నవే. సాక్షిని అబద్ధం చెప్పమని బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 232 కింద ఏడేళ్ల దాకా జైలు. కేసు అట్రాసిటీ చట్టం కిందిదైతే, తండాల్లో, దళితవాడల్లో ఉన్నోళ్లకు ఆ చట్టం 15ఏ సెక్షన్ అదనపు అండ.

కాగితం మీద బాగానే ఉంది. కానీ రక్షణ ఒక్కో ఉత్తర్వుకు మూడు నెలలకు మించదు. మరి కేసేమో ఏండ్లకేండ్లు సాగుతుంది! ముప్పు ఉందా లేదా అని తేల్చేది పోలీసులే. ఫిర్యాదు పోలీసుల మీదే అయితే? మనకు పక్కనున్న మంథనిలో లాకప్ మరణం మీద హైకోర్టుకు పోయిన న్యాయవాదులు గట్టు వామనరావు, నాగమణి దంపతులను 2021 ఫిబ్రవరి 17న కల్వచర్ల దగ్గర నడిరోడ్డు మీద, జనం చూస్తుండగానే నరికి చంపారు. ఆ కేసు సీబీఐకి పోవడానికి 2025 ఆగస్టు దాకా పట్టింది.

అందుకే అడుగుదాం. రక్షణ సాక్ష్యం పూర్తయ్యేదాకా ఉండాలి. పోలీసుల మీద కేసైతే ముప్పు నివేదిక వేరే జిల్లా అధికారి రాయాలి. ప్రతి జిల్లా కోర్టులో సాక్షులకు వేరే గది, వేరే దారి కావాలి. సాక్షి బత్తా ఆ పూటే చేతికివ్వాలి, కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లు వాళ్లు. సాక్షుల రక్షణ నిధిలో ఎంత పెట్టారు, ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎందరికి రక్షణ ఇచ్చారు అన్నది పేర్లు బయటపెట్టకుండా జిల్లాల వారీగా ఏటా ప్రకటించాలి. దరఖాస్తు ఫారం ప్రతి పోలీస్ స్టేషన్‌లో తెలుగులో దొరకాలి. సమన్లతోపాటే ఇస్తే ఇంకా మేలు.

వకీళ్లారా, ఆ దరఖాస్తులు ఉచితంగా రాసిపెట్టండి. సర్పంచులారా, వార్డు సభ్యులారా, రాజీ పంచాయితీకి సాక్షిని పిలవకండి. యువకులారా, వాయిదా నాడు సాక్షి ఒక్కడే బస్సెక్కకుండా చూడండి, వెంట నలుగురు పోండి. ఈ కాగితం చదివి పారేయకండి. మీ వాడలో ఎవరికైనా కోర్టు సమన్లు వచ్చి ఉంటే, ఈ రాత్రికే వాళ్లింట్లో ఇచ్చి రండి.

– మూడు జిల్లాల్లో కేసులు నడుపుతున్న కుటుంబాలు