మనవరాలి కాలేజీ యాత్ర – తాతగారి పిక్క నొప్పి

పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రుల నుంచి ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న వస్తోంది. మనవడో, మనవరాలో అక్కడ పదకొండో తరగతి చదువుతూ ఉంటారు. మార్చిలోనో, ఏప్రిల్‌లోనో వారం రోజులు వసంత సెలవులు ఇస్తారు. ఆ వారంలో కుటుంబమంతా కారెక్కి, పిల్ల చేరదలచుకున్న కాలేజీలను ఒక్కొక్కటిగా చూసి వస్తారు. “మమ్మల్ని కూడా రమ్మంటున్నారు. ఆయనకు షుగరు, నాకు బి.పి., మోకాళ్ళ నొప్పులు. వెళ్ళవచ్చునా?” – ఇదీ ప్రశ్న.

నిక్షేపంగా వెళ్ళవచ్చు. 1636లో పుట్టిన హార్వర్డును, 1701లో పుట్టిన యేల్‌ను మనవరాలి పక్కన నిలబడి చూసే అవకాశం అందరికీ రాదు. అయితే కారులో కూర్చోవడమే కదా, కష్టమేముంది అనుకోకండి. ఈ యాత్రలో వచ్చే చిక్కంతా ఆ కూర్చోవడంలోనే ఉంది.

మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని ఎడిసన్‌నే తీసుకోండి. ప్రిన్స్‌టన్ దగ్గరే. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి న్యూ హేవెన్‌లో యేల్, ప్రావిడెన్స్‌లో బ్రౌన్, ఆపైన బోస్టన్ పక్కన హార్వర్డు, ఎం.ఐ.టి. ఎడిసన్ నుంచి బోస్టన్‌కు సుమారు 400 కిలోమీటర్లు. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళి, సగం దూరం వెనక్కి వచ్చినంత. న్యూయార్కు దగ్గర బండ్లు ఆగిపోతే అయిదారు గంటలు సీటుకు అతుక్కుపోవలసిందే.

రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

కాళ్ళలోని రక్తం గుండెకు తిరిగి రావాలంటే పైకి ఎక్కాలి. అందుకు పిక్క కండరాలే పంపులాగా పనిచేస్తాయి. మనం నడిచినప్పుడల్లా అవి సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. గంటల తరబడి మోకాళ్ళు మడిచి కూర్చుంటే ఆ పంపు ఆగుతుంది. లోపలి సిరల్లో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డలో ఒక ముక్క తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

విమానంలోనే ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన పరిశీలనలో తేలిందేమిటంటే, విమానమైనా, కారైనా, బస్సయినా, రైలైనా నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే ఈ ప్రమాదం దాదాపు రెట్టింపవుతుంది. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు ఆరువేల మందిలో ఒకరికి వస్తుంది. కాబట్టి భయపడనక్కరలేదు. కాని లావుగా ఉన్నవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు, కాన్సరుకు చికిత్స పొందుతున్నవారు, హార్మోను మాత్రలు వాడేవారు, ఇంతకు ముందు ఒకసారి కాలిలో గడ్డకట్టినవారు – వీరికి ప్రమాదం ఎక్కువ. వీరు ప్రయాణానికి ముందే డాక్టరును సంప్రదించాలి.

ఇంకో సంగతి. ఇండియా నుంచి ఇరవై నాలుగు గంటలు ప్రయాణం చేసి దిగినవారికి ఆ ప్రభావం కొన్ని వారాల పాటు ఉంటుంది. దిగిన రెండో రోజే కారు యాత్ర పెట్టుకోకండి. పది రోజులైనా ఇంటి చుట్టూ నడుస్తూ ఉండి, ఆ తర్వాత బయలుదేరండి.

కిందటి సంవత్సరం మా ఆసుపత్రికి అరవై దాటిన ఒక గృహిణిని తీసుకువచ్చారు. అమెరికాలో నాలుగు రోజులు కారులో తిరిగారట. ఎడమ పిక్క నొప్పి పెడితే, కాలేజీల్లో నడిచినందుకు పట్టేసిందనుకుని రోజూ నూనె రాసి మర్దన చేయించుకున్నారు. కొడుకుతో చెబితే ఆసుపత్రి ఖర్చు మీద పడుతుందని పెదవి విప్పలేదు. విమానమెక్కి ఇంటికి వచ్చిన మూడో రోజున మెట్లెక్కుతూ ఊపిరాడక కూలిపోయారు. కాలిలో గడ్డ, ఊపిరితిత్తిలో దాని ముక్క. అదృష్టవశాత్తు బ్రతికారు. నెలల తరబడి రక్తం పలుచబడే మందులు వాడవలసి వచ్చింది.

అందుచేత ఈ గుర్తులు తెలుసుకోండి. ఒక కాలు మాత్రమే వాయడం, పిక్కలో నొప్పి, అక్కడ వేడిగా ఎర్రగా ఉండటం – వీటిలో ఏది కనిపించినా మర్దన చేయకండి, కాపడం పెట్టకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. హఠాత్తుగా ఆయాసం, గాలి పీలిస్తే ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం – ఇవి వస్తే క్షణం ఆగకుండా 911కి ఫోను చేయించండి.

రాకుండా చూసుకోవడం సులువు. రెండు గంటలకొకసారి కారు ఆపించి అయిదు నిమిషాలు నడవండి. కారులో ఉన్నంతసేపూ అరగంటకొకసారి మడమలు నేలకు ఆనించి వేళ్ళు పైకి, వేళ్ళు ఆనించి మడమలు పైకి ఇరవైసార్లు ఎత్తండి. కాళ్ళ కింద సంచులు పెట్టుకోకండి. నిద్రమాత్ర వేసుకుని కారులో పడుకోకండి. బిగుతు మేజోళ్ళు డాక్టరు చెబితేనే తొడగాలి. కాళ్ళకు రక్తప్రసారం సరిగా లేని మధుమేహ రోగులకు వాటివల్ల హాని జరగవచ్చు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్ర మింగడమూ మంచిది కాదు.

నీళ్ళు మానేస్తే?

దారిలో పాయిఖానాకు ఎక్కడికి వెళ్ళాలో అన్న బిడియంతో మన ఆడవాళ్ళు ముందు రోజు నుంచే నీళ్ళు మానేస్తారు. మూత్రం బిగబట్టుకుంటారు. నీళ్ళు మానేస్తే మలబద్ధకం, తలనొప్పి. బిగబడితే మూత్రంలో మంట, జ్వరం. అమెరికా రహదారుల మీద ప్రయాణికులు ఆగి సేదతీరడానికి మరుగుదొడ్లతో విశ్రాంతి స్థలాలు కట్టి ఉంచారు. పెట్రోలు బంకుల్లోనూ ఉంటాయి. కాలు సాచడానికి ఆగినప్పుడే ఈ పని కూడా అయిపోతుంది. ఎక్కువసార్లు మూత్రం పోయించే బి.పి. మాత్రను యాత్ర పేరు చెప్పి మానేయకండి. ఏ వేళకు వేసుకుంటే ఇబ్బంది ఉండదో మీ డాక్టరునే అడగండి.

షుగరు రోగులు

కాలేజీ చూపించడం అక్కడ ఒక పద్ధతి ప్రకారం సాగుతుంది. ముందు గంటసేపు హాలులో ఉపన్యాసం. తర్వాత ఆ కాలేజీ విద్యార్థి ఒకరు ముందు నడుస్తూ, గంటకు పైగా ఆవరణ అంతా తిప్పుతారు. ఈలోగా భోజనం వేళ దాటిపోతుంది. పొద్దున మాత్రో, ఇన్సులినో తీసుకున్నవారికి చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. అది షుగరు పడిపోయిన గుర్తు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాల తర్వాత పరీక్ష చేసుకుని, ఇంకా తక్కువగానే ఉంటే మళ్ళీ తాగాలి. అందుచేత పంచదార పొట్లం మీ జేబులోనే ఉండాలి, కారులోని సంచిలో కాదు.

ఇన్సులిన్‌ను ఆపివున్న కారులో వదిలేయకండి. బయట 22 డిగ్రీల సెల్సియస్ చల్లదనం ఉన్నా, ఎండలో నిలిపిన కారు లోపల గంటలో 45 డిగ్రీలు దాటవచ్చు. రాత్రి ఇంకో చిక్కు. బోస్టన్‌లో మార్చి రాత్రులు గడ్డకట్టే చలికి చేరవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయవలసిందే. ఇదే కారణంగా పసిపిల్లలను కూడా కారులో ఒక్క నిమిషమైనా వదలకూడదు.

కొత్త బూట్లు యాత్ర రోజునే తొడగకండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు మనవరాలికి చూపించండి. సిగ్గుపడవలసింది లేదు. నడుస్తుంటే ఛాతీ బరువెక్కేవారు గుంపుతో పరుగెత్తనక్కరలేదు. బల్ల మీద కూర్చుని చెట్లు చూస్తే మీ అంతస్తుకు వచ్చిన లోటేమీ లేదు.

మందుల పేర్లు మారతాయి

మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్ అనేది అదే. జలుబు మందుల సీసాల్లోనూ అదే కలిసి ఉంటుంది. తెలియక మూడూ వాడితే కాలేయం దెబ్బతింటుంది. ఉబ్బసం వారి సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. కాబట్టి మీ మందుల అసలు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాయించి డబ్బు సంచిలో పెట్టుకోండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు చాలావరకు నిద్ర తెప్పిస్తాయి. ప్రోస్టేటు గ్రంథి పెరిగిన పెద్దవారికి మూత్రం బంద్ కావచ్చు. అడగకుండా వేసుకోకండి. కారులో కడుపు తిప్పేవారు ముందు సీటులో కూర్చుని దూరంగా చూడాలి. ఫోను చూస్తూ కూర్చుంటే, కదలడం లేదని కన్ను, కదులుతున్నామని చెవి లోపలి భాగం మెదడుకు వేర్వేరు కబుర్లు చెబుతాయి. ఆ తగవే వాంతి.

పులిహోర కట్టుకువెళ్ళండి, తప్పులేదు. పెరుగన్నం మాత్రం ఐసు పెట్టెలో లేకపోతే రెండు గంటలు దాటాక తినకండి.

కారు నడిపే అబ్బాయి

వారమంతా ఆఫీసులో పనిచేసి, శుక్రవారం రాత్రి బయలుదేరదామంటాడు. వద్దనండి. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చేతులు, చూపు కొంచెం మద్యం తాగినవాడిలాగే పనిచేస్తాయని పరిశోధకులు నిరూపించారు. పైగా మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు. ఆ గంట నిద్ర పోయినట్లే. రేడియో పెట్టినా, అద్దం దించినా నిద్ర ఆగదు. కారు ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయడమే మందు.

వెనక సీటులోనూ బెల్టు పెట్టుకోండి. న్యూయార్కు రాష్ట్రంలో 2020 నవంబరు నుంచి వెనక కూర్చున్న పెద్దలకూ ఇది చట్టం. చంటిబిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం ప్రేమే కావచ్చు, కారు గుద్దుకున్నప్పుడు ఏ తాతగారి చేతులూ ఆ బిడ్డను ఆపలేవు. బిడ్డ సీటు బిడ్డకే ఉండాలి.

ఖర్చుకు వెరవకండి

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. బయలుదేరేముందు ప్రయాణ బీమా చేయించండి. పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో కాగితం చదివించుకోండి. కాని బీమా ఉన్నా లేకపోయినా, గుండెలో నొప్పి వస్తే దాచకండి. అక్కడ 1986 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన వారిని డబ్బుతో నిమిత్తం లేకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించవలసిందే. బిల్లు తర్వాత వస్తుంది, నిజమే. బిల్లును వాయిదాల మీద కట్టవచ్చు. గుండె అందుకు ఒప్పుకోదు.

ఇక ఆ పిల్ల సంగతి

ఈ యాత్రలో అందరికంటె ఎక్కువ బరువు మోస్తున్నది పదహారేళ్ళ ఆ పిల్ల. ప్రతి కాలేజీ గేటు దగ్గరా “దీంట్లో సీటు వస్తుందా?” అని అడగకండి. పక్కింటి అబ్బాయికి ఎక్కడ వచ్చిందో చెప్పకండి. ఆ వయసుకు రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. సెలవుల్లోనైనా పడుకోనివ్వండి. తిండి మానేసి, నిద్ర పోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే, బ్రతికి ఏం లాభం అని ఒక్కసారి అన్నా, అది వేళాకోళం కాదు. ఒంటరిగా వదలకుండా ఆమె చెప్పేది వినండి, డాక్టరుకు చూపించండి. అమెరికాలో 988కి, మన దేశంలో టెలీ మానస్ 14416కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. మన ఊళ్ళో ఇంటర్మీడియెట్ ముగించి, మే నెల ఎండలో కార్లలో కాలేజీలు చూడబోయే పిల్లలకూ, వారి పెద్దలకూ ఈ మాటలన్నీ వర్తిస్తాయి. ఇక్కడ వడదెబ్బ అదనం. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ప్రయాణం మానుకుని, మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మరసం దగ్గర ఉంచుకోండి.

బయలుదేరే ముందు రోజు రాత్రి సరిచూసుకోవలసినవి: మందుల కాగితం, పంచదార పొట్లం, నీళ్ళ సీసా, పాత చెప్పులు, బీమా కాగితం. ఇవి మీ చేతిసంచిలో ఉంటే చాలు. కారు రెండు గంటలకొకసారి ఆపమని అబ్బాయికి ముందే చెప్పండి. అడగడానికి మొహమాటపడకండి. మీరు దిగి నడిస్తే, వాడి నడుముకూ మంచిదే.