ఎర్ర కార్డు దేనికి చూపాలి?

1982 జులై 8న స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ జరిగింది. ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్ బంతిని గోలు వైపు తన్నాడు. పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ పరుగెత్తుకొచ్చి, గాలిలోకి ఎగిరి అతన్ని ఢీకొన్నాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు. పళ్లు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. రెఫరీ ఎర్ర కార్డు మాట అటుంచి, ఫౌల్ కూడా ఇవ్వలేదు. బంతి బయటికి పోయింది కనుక గోల్ కిక్ ఇచ్చాడు!

ఇలాంటప్పుడు "కావాలని కొట్టలేదు", "బంతి కోసమే వెళ్లాడు" అని కొందరు వాదిస్తారు. ఈ వాదన సరికాదు. ఆటగాడి మనసులో ఏముందో రెఫరీకి కనిపించదు. కనిపించేవి అతని వేగం, కాలు లేచిన ఎత్తు, దెబ్బ తగిలిన చోటు. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగు రెట్లవుతుందని మీకు తెలుసు కదా! ఆ శక్తి బూటు అడుగున ఉండే బొడిపెల ద్వారా కొద్దిపాటి చోటులోనే పడితే ఎముక విరగవచ్చు. అందుకే, ఎదుటివాడి భద్రతకు ముప్పు తెచ్చే టాకిల్‌కు ఎర్ర కార్డు చూపాలని నేటి నిబంధన. గాయం తగిలేదాకా ఆగనక్కరలేదు.

2018 ప్రపంచ కప్ నుంచి రెఫరీకి వీడియో సాయం కూడా ఉంది. నెమ్మదిగా తిప్పిన వీడియోలో కాలు ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. కాని అసలు కొలవవలసిన వేగమే అందులో మాయమవుతుంది! కనుక దెబ్బ తీవ్రతను మామూలు వేగంలోనే చూడాలన్న నియమం సబబైనది.

మీ బడి మైదానంలో ఈల మోగినప్పుడు "బంతికే తగిలాను సార్" అనబోయే ముందు, ఎంత వేగంతో దూకారో ఆలోచించండి.