ఎరువు లెక్క తీసిన నాటకం

పేదోళ్ల మీద జాలి కురిపించే నాటకాలకు కొదవ లేదు. జపాన్ నాటకకర్త కుబో సకాయె జాలి పడలేదు, లెక్క తీసిండు. ఇటుకల ఫ్యాక్టరీ యజమాని కొడుకే. అయినా 1938లో ‘అగ్నిపర్వత బూడిద నేల’ నాటకంతో హొక్కైదో రైతుల మట్టిని రంగస్థలమెక్కించిండు.

సైన్యానికి అవిసె నార కావాలె. అవిసె పంటేమో నేల సారం పీల్చేస్తది. ఆ నేలకు పొటాష్ కావాలని తేల్చిన శాస్త్రవేత్త తన గురువునే, అదీ పిల్లనిచ్చిన మామనే ఎదిరించాలె. నిజం చెబితే పైవాళ్లకు కోపం, దాస్తే రైతుకు చేటు. ఎరువు లెక్కలో ఇంత రాజకీయమా? సర్కారుకు బాగానే అర్థమైంది! 1940లో నాటక సంస్థను మూయించి కుబోను అరెస్టు చేసింది.

ఈ నాటకం ఆడేటోళ్లు ఇంకో సంగతీ చెప్పాలె. ఆ నేల ఐనూ ఆదివాసులది. ‘రక్షణ’ పేరుతో వాళ్లను ‘పాత ఆదివాసులు’ అని ముద్రేసిన 1899 చట్టం 1997 దాకా నడిచింది.